ఒంటరి అంకె

మార్చి 14

ఆఫీసు బీరువాలో కొత్త ఫీల్డు పుస్తకాలు మూడు మిగిలాయి. ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆఫీసు వస్తువు ఇంటికి తేవడం ఇదే మొదటిసారి. డాక్టరు ఏదైనా రాసుకోమన్నాడు. నిద్రమాత్రలు అడిగితే ఇచ్చిన సలహా.

కొలతల పుస్తకానికి ఉన్న నియమాలే దీనికీ. పేజీ చింపకూడదు. రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత కొట్టాలి. కింద ఉన్నది చదవడానికి వీలుండాలి. పక్కన సంతకం చెయ్యాలి.

నా భార్య పోయి ముప్పై మూడు రోజులు.

నీళ్ళలో గుండె ఆగింది. డాక్టరు ఇచ్చిన కాగితంలో కూడా అదే ఉంది.

మార్చి 15

ఆమె తువ్వాలు ఇంకా బాత్రూము తలుపు వెనక కొక్కేనికే ఉంది. ఉప్పు పట్టి అట్టలా బిగిసిపోయింది. మా అమ్మాయి పిట్ట తియ్యలేదు. నేనూ తియ్యలేదు.

మార్చి 17

వదిన వచ్చింది. ఆమె అక్క. తలుపు తియ్యకముందే మాట మొదలుపెట్టే మనిషి.

“ఏం మరిదిగారూ, ఇది ఇల్లా, మ్యూజియమా? ఒక్క వస్తువూ కదల్లేదు!”

తెచ్చిన క్యారియర్ పెడదామని ఫ్రిజ్ తెరిచింది. మొన్న తెచ్చిన క్యారియర్ అలాగే ఉంది.

“అలక నా వంట మీదా, మీ ప్రాణం మీదా?”

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. వచ్చిన పని వేరే ఉంది. ఆమె దగ్గర ఈత నేర్చుకున్న ఆడవాళ్ళు ఇరవై ముగ్గురు. అంతకుముందు పాదం తడపడానికి కూడా భయపడ్డవాళ్ళు. సముద్రంలో వేసిన ఇసుక సంచుల గట్టు లోపల నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి కాబట్టి అక్కడే నేర్పింది. ఆ నీళ్ళని జనానికి తెరిచే రోజున వాళ్ళంతా కలిసి ఆమె రోజూ ఈదిన దారిలోనే ఈదుతారట. ఒడ్డున ఉత్తరం వైపు కొలత రాయి దగ్గర దిగి, గట్టు వెంబడే దక్షిణం కొసదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి.

“నేనూ దిగుతున్నా. బకెట్లో నీళ్ళు చూస్తేనే కళ్ళు తిరిగేవి నాకు. అది నన్ను కూడా తేల్చేసి పోయింది. మీరు ఒడ్డున కూచుని టైము చూడండి. మీకెలాగూ ఈత రాదుగా.”

ఈ మాట మీద ఆమె ఎప్పుడూ ఒక జోకు వేసేది. మా ఆయన సముద్రానికి దర్జీ, కొలతలు తీసుకుంటాడు గానీ తొడుక్కోడు అని. వదినకి కూడా అదే గుర్తొచ్చినట్టుంది. నవ్వబోయి ఆగిపోయింది.

సరే అన్నాను.

మార్చి 19

ఆఫీసులో చీఫ్ ఇంజనీరు తన గదిలోకి పిలిచారు. కుర్చీ చూపించి, తలుపు తనే లేచి వేశారు. ఈ నెలంతా అలాగే చేస్తున్నారు.

రీఫ్ ప్రారంభం మే 17న. నాలుగేళ్ళయింది ఆ సంచులు దింపి. అప్పటికి బీచ్ రోడ్డు రెండుసార్లు కోసుకుపోయింది. ఒక్కో సంచి బస్సంత. లోపలంతా ఇసుకే. అలాంటివి నూట అరవై, ఒడ్డుకి రెండు వందల మీటర్ల దూరంలో పేర్చాం. కాగితాల మీద దాని పేరు కృత్రిమ రీఫ్. ఊరికి మాత్రం అది సంచుల గట్టే. అల వచ్చి దాని మీద విరిగి, జోరు తగ్గి లోపలికి వస్తుంది. అప్పట్లో పద్నాలుగు మీటర్ల వెడల్పే మిగిలిన ఒడ్డు ఇసుక ఇవాళ ముప్పై తొమ్మిది మీటర్లు. గట్టు మీద విరిగే అల తీరుగా ఉందని సర్ఫింగు వాళ్ళు రావడం మొదలుపెట్టారు. మే 17న బయటవైపు సర్ఫింగు పోటీ. లోపలివైపు జనానికి స్నానాలు.

“చివరి మూడు నెలల కొలతలు కావాలి. మీ సంతకంతో,” అన్నారు చీఫ్.

“ఫిబ్రవరిలో కొలవలేదండి.”

“ఛ, ఫిబ్రవరి ఎవరడిగారు మిమ్మల్ని? జనవరీ, మార్చీ చాలు. మీ సంతకం ఉంటే నేను చదవను కూడా చదవను, తెలుసుగా.”

తెలుసు.

మార్చి 20

జనవరి షీటు శుభ్రంగా ఉంది.

మార్చి 23

మార్చి కొలతలకి వెళ్ళాం. ఒడ్డున పన్నెండు రాళ్ళు, ఒక్కో రాయి నుంచి సముద్రంలోకి ఒక లైను, లైను మీద పది మీటర్లకో కొలత. కొంగ ఐదు మీటర్ల కర్ర పట్టుకుని ఈదుకుంటూ వెళ్తాడు. కర్ర అడుగుకి ఆనించి, నీళ్ళు తాకిన అంకె చూసి అరుస్తాడు. నేను ఒడ్డున రాసుకుంటాను. పదకొండేళ్ళుగా ఇదే పని. నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి కర్ర పట్టుకుంటాడని ఆ పేరు. పెట్టింది ఆమే.

కొంగ ఇవాళ జోకులు వెయ్యలేదు.

ఆరు లైన్లు అయ్యాక ఆపేశాం. అలలు ఎక్కువగా ఉన్నాయి.

మార్చి 24

“నిన్న అలలెక్కడివి నాన్నా?” అంది పిట్ట. “సర్ఫింగు బోర్డులేసుకుని గంటసేపు ఊరికే కూచుని వచ్చేశాం.”

మార్చి 29

నిద్రమాత్రల కోసం మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు ఆస్పత్రిలో ఆమెని చూసింది ఆయనే. ఈసారి అడిగాను.

“గుండె ముందు ఆగిందా, నీళ్ళు ముందు మింగిందా?”

ఆయన పెన్ను మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

“బాగా అలసిపోయిన గుండె అండి. ఎంతసేపో కష్టపడింది. ఎందుకు కష్టపడిందంటే నేను చెప్పలేను. ఏది ముందో ఖాయంగా ఎవరూ చెప్పలేరు.”

“మీరు గుండె అని రాశారు.”

“ఆగింది గుండే కదండీ.”

ఎవరికైనా ఆఖరున ఆగేది గుండే.

ఏప్రిల్ 3

జనవరిలో ఒక ఆదివారం గుర్తుకొస్తోంది. పద్దెనిమిదో తేదీ. ఆమె ఈత కొట్టి వచ్చి, తడి జుట్టుతోనే టీ తాగుతోంది. జుట్టులోంచి నీళ్ళు కుర్చీ కింద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. తుడవమని చెబుదామనుకుంటున్నాను.

“దక్షిణం కొసన నీళ్ళు లాగుతున్నాయి,” అంది.

“అక్కడ లాగకూడదు. లెక్క ప్రకారం లాగదు.”

“లెక్కకి ఈత రాదుగా.”

నాకు కోపం వచ్చింది. లోపలికి వెళ్ళి షీటు తెచ్చి బల్ల మీద పరిచాను. ఏడో లైను మీద వేలు పెట్టి చూపించాను. గట్టు అక్కడితో అయిపోతుంది. అడుగు ఒడ్డు నుంచి గట్టుదాకా నున్నగా దిగింది, ఎక్కడా గొయ్యి లేదు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసింది.

“బాగుంది. అంత చక్కగా ఎలా వేస్తావో,” అంది.

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కుర్చీ కింద నీళ్ళు నేనే తుడిచాను.

ఏప్రిల్ 6

పొద్దున్న పిట్ట బోర్డుకి మైనం రుద్దుతూ పోటీ గురించి చెబుతోంది. ఎంతోకాలానికి అన్ని మాటలు మాట్లాడింది. నేను ఊ కొడుతున్నాను.

“ఒడ్డుకొచ్చాక మళ్ళీ అంత దూరం చేతులతో తోసుకుంటూ వెళ్ళాలా?” అని అడిగాను. ఏదో ఒకటి అడగాలని అడిగిందే.

“అక్కర్లేదు, దక్షిణం కొసన లిఫ్ట్ ఉంది కదా.”

“లిఫ్టేంటి?”

“అదే నాన్నా. అల గట్టు మీంచి నీళ్ళు లోపలికి పోస్తూనే ఉంటుంది కదా. ఆ నీళ్ళన్నీ ఎటో అటు పోవాలిగా? ఆ కొసన సందులోంచి పోతాయి. బోర్డు మీద పడుకుంటే చాలు, చెయ్యి కదపక్కర్లేదు, బయటికి మోసుకుపోతుంది. అందరం దాన్ని లిఫ్ట్ అంటాం.”

“ఎప్పట్నుంచి?”

“డిసెంబరనుకుంటా. ముందు అంత లేదు. ఇప్పుడు బాగా స్పీడు.”

“బోర్డు లేనివాళ్ళకి?”

మైనం రుద్దే చెయ్యి ఆగింది. తర్వాత బోర్డు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మైనం ముక్క గుమ్మంలోనే ఉండిపోయింది.

ఏప్రిల్ 7

ఇంకా నలభై రోజులు.

ఏప్రిల్ 8

జనవరి పుస్తకం తెచ్చాను. అందులో ఏముందో తెలుసు కాబట్టి చూడనక్కర్లేదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. తేలు కుట్టిన దొంగ అరవడు.

రాస్తున్నాను.

జనవరి 12. ఏడో లైను. డెబ్బై మీటర్ల దగ్గర లోతు ఒకటి పాయింట్ ఎనిమిది. తొంభై దగ్గర ఒకటి పాయింట్ తొమ్మిది. మధ్యలో ఎనభై దగ్గర కొంగ అరిచిన అంకె మూడు పాయింట్ నాలుగు.

“సరిగ్గా పట్టుకో,” అని అరిచాను.

“సరిగ్గానే ఉంది సార్! ఇక్కడేదో గొయ్యి!”

“నిటారుగా పట్టుకో అంటుంటే!”

మళ్ళీ మూడు పాయింట్ నాలుగే అన్నాడు. అంతకుముందే ఏదో జోకు వేసి తనే నవ్వుకుంటున్నాడు. వేషాలేస్తున్నాడనుకున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఇంకా ఐదు లైన్లున్నాయి. ముందుకు పొమ్మన్నాను.

చుట్టూ ఉన్నవాటితో పొసగని ఒంటరి అంకెను నమ్మకూడదని కాలేజీలో నేర్పారు. అలాంటిది వస్తే మళ్ళీ కొలవాలని కూడా నేర్పారు. రెండో సగం అందరూ మరిచిపోతారు. నేను ఎప్పుడూ మరిచిపోలేదు, ఆ ఒక్క రోజు తప్ప అని రాయబోయాను. అది నిజం కాదు. ఇరవై ఆరేళ్ళలో చాలాసార్లు సగటు వేశాను. చాలాసార్లు ఏమీ కాలేదు.

ఆఫీసుకి వచ్చి మూడు పాయింట్ నాలుగు మీద ఒక్క గీత కొట్టి, పక్కన ఒకటి పాయింట్ ఎనిమిది అయిదు అని రాశాను. సంతకం చేశాను. రిమార్కుల గడిలో “కర్ర జారింది” అని రాశాను. నియమం ప్రకారమే. కింది అంకె ఇవాళ్టికీ స్పష్టంగా కనిపిస్తోంది.

ఆరు రోజుల తర్వాత ఆమె నీళ్ళు లాగుతున్నాయంది. నేను ఆ అంకెతో గీసిన షీటే చూపించాను.

ఆ మాటన్న ఇరవై రెండు రోజులకి, ఫిబ్రవరి 9 పొద్దున, సర్ఫింగు వాళ్ళకి ఆమె గట్టుకి బయటవైపు కనిపించింది. దక్షిణం కొసకి సూటిగా బయట. ఆమె ఎప్పుడూ గట్టు దాటి ఈదేది కాదు.

ఏప్రిల్ 9

కొలత తప్పై ఉండొచ్చు. కర్ర నిజంగానే జారి ఉండొచ్చు.

ఏప్రిల్ 10

ఉండొచ్చు.

ఏప్రిల్ 12

ఆదివారం. ఆఫీసు పని కాదు. రమ్మంటే కొంగ వచ్చాడు. ఎందుకని అడగలేదు. సరాసరి ఏడో రాయి దగ్గరికి నడిచాడు. నడుముకి తాడు కట్టి, ఇవతలి కొస రాయికి చుట్టి నేను పట్టుకున్నాను. ఆటు సమయం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అంత నెమ్మదిగా ఉన్న నీళ్ళలో తాడు నా చేతుల్లో బిగుసుకుంటూ పోయింది.

“నాలుగు పాయింట్ ఒకటి!”

“మళ్ళీ.”

“నాలుగు పాయింట్ ఒకటి సార్!”

“నిటారుగా ఉందా?”

“నేను చచ్చినా కర్ర నిటారుగానే ఉంటది సార్!”

అన్నాక ఆ మాట ఎక్కడ అన్నాడో తట్టినట్టుంది. మూడోసారి నేను అడగకుండానే కొలిచాడు. అదే అంకె. తర్వాత మునిగి గట్టు కొస చూసి వచ్చాడు. చివరి సంచులు రెండు చినిగి, ఇసుకంతా కారిపోయి, ఖాళీ గోనెల్లా చదునుగా పడి ఉన్నాయట. ఆ సందులోంచే నీళ్ళు బయటికి పోతున్నాయి.

ఒడ్డుకి వచ్చి ఒళ్ళు తుడుచుకున్నాక జనవరి పుస్తకం తీసి అతని ముందు పెట్టాను. రిమార్కుల గడి మీద వేలు పెట్టాను. కూడబలుక్కుంటూ చదివాడు.

“జారలేదు సార్.”

“తెలుసు.”

“నేను నిజంగానే సరిగ్గా పట్టుకోలేదేమో అనుకున్నా సార్. అమ్మగారి సంగతి తెలిసిన కాడ్నుంచీ అదే. నేనింకోసారి మునిగి చూసుంటే, ఇంకొంచెం గట్టిగా అరిచుంటే అని. అందుకే మీ మొహం చూళ్ళేకపోతున్నా.”

రెండు నెలలు. నా అంకెని ఇతను మోశాడు.

ఏడ్చింది అతనే. నేను కర్ర కడిగాను. ఉప్పు నీళ్ళు ఆరితే అంకెలు పోతాయి.

ఏప్రిల్ 13

నాలుగు పాయింట్ ఒకటి.

ఏప్రిల్ 15

చీఫ్ దగ్గరికి వెళ్ళాను. కొత్త కొలత చెప్పాను. జనవరి కొలత సంగతి ఇంకా చెప్పలేదు. ముందు ఇది చాలేమో చూద్దామనుకున్నాను.

ఆయన వేళ్ళతో బల్ల అంచు నిమిరారు.

“ఆదివారం మీరొక్కరే వెళ్ళారా?”

“కర్ర పట్టే అతనూ నేనూ.”

“చూడండి. ఒక పాయింటు. ఒకే ఒక్కటి. జనవరిలో అక్కడ ఏమీ లేదు, మీ షీటే చెబుతోంది. కోపం తెచ్చుకోకండి, తమ్ముడు లాంటివారు కాబట్టి అంటున్నాను. మీకొక కారణం కావాలి. పోయినవాళ్ళ ఇళ్ళల్లో అందరికీ కావాలి. మా నాన్న పోయినప్పుడు నేను మూడు నెలలు ఆ అంబులెన్సు డ్రైవర్ని తిట్టుకున్నాను. సముద్రం కారణాలు చెప్పదండీ.”

మంచి మనిషి. వెటకారం లేదు. ఫిబ్రవరి 9న ఆస్పత్రి నుంచి ఇంటిదాకా ఆమెకి అటు నేను, ఇటు ఆయన.

“సెలవు పెట్టండి. మార్చి షీటు మీద ఇంకెవరిచేతైనా సంతకం పెట్టిస్తాను. మీ జనవరిది ఉందిగా, దానితో సరిపోతుంది.”

మీ జనవరిది ఉందిగా.

బయటికి వచ్చాను. దారి ఇప్పుడు ఒకటే. జనవరి షీటు అబద్ధమని నేను చెబితే తప్ప వాళ్ళు నాలుగు పాయింట్ ఒకటిని నమ్మరు. అది చెబితే విచారణ ఉంటుంది. విచారణ పెద్ద విషయం కాదు. పేపర్లో రాకముందే పిట్టకి చెప్పాలి.

ఏప్రిల్ 16

చెప్పలేదు.

ఏప్రిల్ 17

చెప్పలేదు. పిట్టకి జలుబు.

ఏప్రిల్ 19

వదిన ఫోను చేసింది. వాళ్ళంతా ఒకే రంగు టోపీలు తెప్పించారట, నీళ్ళలో దూరం నుంచి కనిపించడానికి. “నా తల పెద్దది మరిదిగారూ, పట్టడం లేదు, వెనక కోసి తొడుక్కున్నా. మా చెల్లెలు చూసి ఉంటే పడి పడి నవ్వేది.” వెనకాల చాలామంది ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి.

ఇరవై ముగ్గురు. వదినతో ఇరవై నలుగురు.

ఏప్రిల్ 20

పొద్దున్న చెప్పాను. వంటింట్లో. పుస్తకం తెరిచి స్టవ్ పక్కన పెట్టాను. వాళ్ళమ్మకి షీటు చూపించినట్టే, వేలు పెట్టి చూపించాను. ఏడో లైను, ఎనభై మీటర్లు, ఏ రోజు, ఏ అంకె, దేని బదులు ఏది రాశానో. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఒక్క ప్రశ్నే వేసింది.

“నువ్వు మార్చకుండా ఉంటే ఏమయ్యేది?”

“వారం లోపల ఆ కొసన ఎర్ర జెండాలు పెట్టేవాళ్ళం. ఎవరినీ అటు వెళ్ళనిచ్చేవాళ్ళం కాదు.”

ఖాళీ గ్లాసు ఒకటి తీసుకుని కడగడం మొదలుపెట్టింది. కడిగిందే కడిగింది. కుళాయి కట్టలేదు. నేను నిలబడే ఉన్నాను. వెనక్కి తిరగకుండానే అంది.

“అమ్మకి తెలుసు నాన్నా. లిఫ్ట్ అని పేరు పెట్టిందే అమ్మ. ఒక్కోరోజు అందులోంచే బయటికెళ్ళి గట్టు చుట్టూ తిరిగి వచ్చేది. మా అందరికంటే తనకే బాగా తెలుసు.”

కుళాయి కట్టేసి వెళ్ళిపోయింది.

ఆ మాట నిజమా అని నేను అడగలేదు. ఆమె గట్టు దాటి ఈదేది కాదని నాకు తెలుసు. తెలుసనుకుంటున్నాను. నేను ఏనాడూ ఒడ్డుకి వెళ్ళి చూసినవాణ్ణి కాదు. ఎనిమిదింటికి ఆమె తిరిగి వచ్చేది, నేను టీ పెట్టేవాణ్ణి.

పిట్ట నా కోసం అబద్ధం చెప్పి ఉండొచ్చు. నిజమే చెప్పి ఉండొచ్చు. నిజమైతే ఆ ప్రవాహం ఆమెకి కొత్త కాదు, నా అంకెతో ఆమెకి పని లేదు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మిగిలిన జన్మ వెళ్ళదీయొచ్చు. గుండె అన్న మాట పట్టుకుని రెండు నెలలు వెళ్ళదీసినట్టు.

ఆమెకి తెలిసినా తెలియకపోయినా మూడు పాయింట్ నాలుగు మూడు పాయింట్ నాలుగే.

మార్చి 14 పేజీకి వెళ్ళాను. “నీళ్ళలో గుండె ఆగింది” మీద ఒక్క గీత కొట్టాను. పక్కన “ఏది ముందో తెలియదు” అని రాసి సంతకం చేశాను.

ఏప్రిల్ 21

ఉత్తరం ఇచ్చాను. ఒకటిన్నర పేజీ. జనవరి పుస్తకం జత చేశాను. కర్ర జారలేదని, కర్ర పట్టిన మనిషి తప్పేమీ లేదని విడిగా ఒక పేరా.

చీఫ్ నిలబడి చదివారు. కూర్చుని మళ్ళీ చదివారు. పుస్తకం తెరిచి గీత కింది అంకెని భూతద్దం పెట్టి చూశారు. అద్దం అక్కర్లేదు, స్పష్టంగానే ఉంది.

“ఇది నాకు ఇవ్వకుండా ఉండాల్సింది,” అన్నారు.

పుస్తకం మూసి, “లేదు. ఇవ్వాల్సిందే,” అన్నారు.

నేను వచ్చేటప్పుడు ఆయన లేవలేదు. తలుపు నేనే వేసుకున్నాను.

ఏప్రిల్ 24

డైవరు నీళ్ళలో మునిగి చూశాడట. సంచులు చినిగాయి. గొయ్యి ఉంది. నన్ను కొలతల పని నుంచి తప్పించి రికార్డు గదికి పంపారు. విచారణ జూన్లో.

పిట్ట మాట్లాడలేదు.

ఏప్రిల్ 25

పిట్ట మాట్లాడలేదు.

ఏప్రిల్ 27

వదిన దగ్గరికి నేనే వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి విన్నది. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాలేదు. పాతికేళ్ళలో ఎప్పుడూ చూడని సంగతి అది.

అంతా అయ్యాక, “అది మీతో చెప్పిందా? లాగుతోందని?” అంది.

“చెప్పింది.”

“మీరేమన్నారు?”

“లెక్క ప్రకారం లాగదన్నాను.”

ఆవిడ నా భుజం మీంచి వీధిలోకి చూసింది.

“మీరు వెళ్ళండి,” అంది. మరిదిగారూ అనలేదు.

మే 2

రికార్డు గదిలో నా పాత పుస్తకాలన్నీ ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళవి. ఒక్కొక్కటీ తీసి, ఎక్కడెక్కడ సగటు వేశానో జాబితా రాస్తున్నాను. ఎవరూ అడగలేదు.

మే 6

బాత్రూము తలుపు వెనక కొక్కెం ఖాళీగా ఉంది. తువ్వాలు పెరట్లో తీగ మీద, ఉతికి ఆరేసి ఉంది. దాని పక్కన నా తువ్వాలు.

మే 11

జాబితా పూర్తయింది. డెబ్బై ఒకటి.

మే 12

“పోటీకి నా పేరు తీసేశాను,” అంది పిట్ట. తర్వాత, “నీ వల్ల కాదు,” అంది. ఇంకాస్త ఆగి, “కొంచెం నీ వల్లే,” అంది.

ఇద్దరం టీ తాగాం.

మే 17

ప్రారంభం జరిగింది. బయట పోటీ కూడా జరిగింది. లోపలి నీళ్ళలో సగమే తెరిచారు. నాలుగో లైను దగ్గర ఎర్ర బంతులు గుచ్చిన తాడు కట్టారు. దానికి దక్షిణాన ఎవరూ దిగకూడదు. సంచులు బాగు చేసేదాకా అంతే.

నేను వెళ్ళకూడదనుకున్నాను. పిట్ట చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పడేసింది.

ఇరవై నలుగురూ నీళ్ళ అంచున వరసగా నిలబడ్డారు. నారింజ రంగు టోపీలు. వదిన టోపీ వెనక నిజంగానే కోసి ఉంది. నన్ను చూసింది. ఇసుకలో బరువుగా అడుగులేసుకుంటూ దగ్గరికి వచ్చింది. మెడలోంచి ఈల తీసింది. వాళ్ళకి ఈత నేర్పేటప్పుడు ఆమె ఊదిన ఈల. తాడు రంగు వెలిసిపోయింది, నోటి దగ్గర పళ్ళ గాట్లున్నాయి.

“పోయి ఆ తాడు దగ్గర కూచోండి. ఎవరు దాటినా ఊదండి. నేను దాటినా సరే. ఇకనుంచి మీ పని అదే.”

వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళు ఉత్తరం రాయి దగ్గర దిగారు. తాడు దాకా వచ్చి, ఒక్కొక్కరే ఎర్ర బంతిని చేత్తో తాకి, వెనక్కి తిరిగారు. వదిన అందరికన్నా ఆఖరున వచ్చింది. తాడు పట్టుకుని కాసేపు అలాగే తేలుతూ, దక్షిణం కొస వైపు చూస్తూ ఉండిపోయింది. ఈల నా నోట్లోనే ఉంది. చివరికి వెనక్కి తిరిగింది.

ఎవరూ దాటలేదు. నేను ఊదలేదు. రెండు గంటలు ఈల నోట్లోనే పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది.

మే 24

ఆదివారం. పొద్దున్నే కొంగని రమ్మన్నాను. పిట్టకి చెప్పలేదు గానీ వెనకే వచ్చింది. కొంగ నా నడుముకి తాడు కట్టబోతే తను లాక్కుంది.

“ఆ ముడి ఏంటి, పశువుని కట్టినట్టు? జరగండి, నేను కడతాను.”

“అయ్యగార్ని జాగ్రత్తగా కట్టమ్మా. ఈయన కొట్టుకుపోతే నా కర్ర కూడా పోద్ది.”

పదకొండేళ్ళలో కర్ర నేను పట్టుకోవడం ఇదే మొదటిసారి. అనుకున్నదానికన్నా బరువు. మోకాళ్ళు, తొడలు, నడుము. ఛాతీదాకా వచ్చాక ఆగాను. అంతకుమించి నావల్ల కాదు, నాకు ఈత రాదు. కొంగ చెప్పినట్టు కర్ర అడుగుకి ఆనించి, నిటారుగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. పైన నీళ్ళు కదలనట్టే ఉన్నాయి. పాదాల కింద ఇసుక వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది. ఒడ్డు వైపు కాదు.

ఏడో లైను. నలభై మీటర్లు. లోతు ఒకటి పాయింట్ రెండు. కర్ర పట్టింది నేనే.

రిమార్కులు: లాగుతోంది.